పోయింది రాబట్టుకోవాలనే తెగులు



ఈ పూట మిరప తెగుళ్లను గురించి గాని, పత్తి పురుగులను గురించి గాని నేను చెప్పబోవడం లేదు. పైరుకు కాక, పైరు వేసే మనిషికి పట్టే తెగులు ఒకటుంది. అది జూదం. దాని సంగతి నీకేం తెలుసునంటారా? నాకు పట్టింది గనుకనే తెలుసు.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మన బూర్గంపాడు నీట మునిగింది. మా నాన్న కౌలుకు చేసిన మూడెకరాల పత్తి ఒండ్రు కింద పడిపోయింది. దాని పెట్టుబడికి అప్పు తెచ్చినవాణ్ణి నేనే. పగలు ఊళ్లు తిరిగి మీ పంటనష్టం పట్టికలు రాసేవాణ్ణి. పొద్దుగూకితే జామాయిలు తోటలో పేకాటకు కూర్చునేవాణ్ణి. పోయిన పెట్టుబడి నాలుగు ఆటల్లో వచ్చేస్తుందని ఆశ. మొదటి వారం రెండువేలు వచ్చాయి. ఆ రెండువేలే నన్ను ముంచాయి. మూడు నెలలు తిరిగేసరికి జీతం పోయింది, చీటీ డబ్బు పోయింది, నా భార్య గొలుసు తాకట్టుకు పోయింది.

లెక్క చూడండి. ఆరుగురు తలా రెండువేలు తెచ్చారనుకోండి. మొత్తం 12,000. ఆటకు తలా వంద వేస్తే 600. ఆడించేవాడు నూటికి పది చొప్పున 60 తీసుకుంటాడు. వంద ఆటలు తిరిగేసరికి 6,000 అతని జేబులో ఉంటుంది. మిగిలిన సగం కోసమే ఆరుగురూ కొట్టుకోవాలి. ఫోనులో ఆడే ఆటయితే ఈ వంద ఆటలకు ఒక్క రాత్రి చాలు. 2017లో మన రాష్ట్రంలో, 2025లో దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించారు. మంచిదే. అయితే చాటుగా ఆడేవాడి చెయ్యి చట్టం ఒక్కదానితో ఆగదు.

మరి నాది ఎలా ఆగింది? ఒక పెద్ద రైతు, ఒకప్పుడు కోడిపందేల్లో కాడెద్దులను పోగొట్టుకున్న మనిషి, ఒకనాడు నన్ను గట్టు మీద కూర్చోబెట్టి అడిగాడు: "సారూ, ఎంత పోయింది?" నేను సగమే చెప్పాను. "మిగతా సగం కూడా చెప్పు" అన్నాడు. చెప్పాను. ఏడ్చాను. ఆయన నన్ను తిట్టలేదు. "రేపటినుంచి పొద్దుగూకే వేళకు నా దగ్గరికి రా" అన్నాడు, అంతే.

ఆ రాత్రే ఇంట్లో అంతా చెప్పాను. అప్పులన్నీ ఒక కాగితం మీద రాశాము. నా బ్యాంకు కార్డు నా భార్య చేతిలో పెట్టాను. నామోషీ అనిపించింది. అయినా చేతిలో డబ్బు లేనివాడికి ఆటలో చోటు లేదు గదా!

ఒక్కసారిగా మానలేదు. 2014లో మన మండలంలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. సరిహద్దు కూతవేటు దూరం. కోడిపందేలు అటూ నిషేధమే, ఇటూ నిషేధమే. అయినా సంక్రాంతికి దాటి వెళ్లి మళ్లీ పోగొట్టుకు వచ్చాను. ఆ సాయంత్రం పెద్దాయన ముఖం చూడలేక దారి తప్పించబోయాను. ఆయనే ఎదురు వచ్చాడు. "పైరు పోతే మళ్లీ విత్తుతాం గదా సారూ! ఇవాళ ఒకటో రోజు అనుకో" అన్నాడు. ఆ ఒకటో రోజు నుంచి ఇప్పటికి రెండేళ్లు దాటింది.

1957లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో ఇద్దరు జూదరులు ఒకరి గోడు ఒకరికి చెప్పుకోవడం మొదలుపెట్టారు. నేడు అలాంటి బృందాలు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. ఆరంభానికి ఇద్దరు చాలు.

కాబట్టి ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి. ఒకటి: మీరు నమ్మిన ఒక్కరికైనా మొత్తం చెప్పండి, సగం కాదు. రెండు: పంట డబ్బు ఇంటి ఆడవారి చేతిమీదుగా నడవనివ్వండి. మూడు: ఆడాలనే కోరిక గోదావరి వరద వంటిది, పెరుగుతుంది, నిలబడుతుంది, తీస్తుంది. అది తీసేదాకా గట్టు మీద ఎవరి పక్కనైనా కూర్చోండి. నాలుగు: ఇది జబ్బు అని ప్రపంచ ఆరోగ్య సంస్థే తన వ్యాధుల పట్టికలో రాసింది. దీనికి వైద్యం ఉంది. టెలి మానస్ వారి 14416 నంబరుకు రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

తోటి విస్తరణాధికారులకు ఒక మనవి. అప్పుల్లో మునిగి మాట తగ్గించిన రైతు కనబడితే నీతులు చెప్పకండి. "ఎంత పోయింది?" అని అడిగి, చివరిదాకా వినండి. ఆ ఇంట పురుగుమందు డబ్బా ఉంటే వేరే చోట పెట్టించండి. అతన్ని ఒంటరిగా వదలకండి.

పోయిన డబ్బు ఆటలో తిరిగి రాదు సోదరులారా! మనిషి మాత్రం తిరిగి వస్తాడు. నేను వచ్చాను. సెలవు.