ఎనభై అయిదేళ్ళ కథానాయిక: ఎమ్మాన్యుయేల్ రివా
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను మాట్లాడమన్నప్పుడు డి.ఏ. బకాయిల గురించో, హెల్తు కార్డుల గురించో మాట్లాడతాననుకుని ఉంటారు. ఆ విషయాలు నాకన్నా బాగా చెప్పగలవారు ఈ హాలులో పదిమంది ఉన్నారు. డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను ఎవరి దయాధర్మమూ కాదని, అది మన హక్కని తేల్చింది. అటువంటి రోజున ఫ్రాన్సు దేశపు సినిమా నటి కథ ఏమిటీ అని మీరు నవ్వుకోవచ్చు. కొంచెం ఓపిక పట్టండి. ఆవిడ మన వయసుది.

ఆవిడ పేరు ఎమ్మాన్యుయేల్ రివా. అసలు పేరు పాలెట్. 1927 ఫిబ్రవరి 24న ఫ్రాన్సుకు తూర్పున వోజ్ అనే కొండప్రాంతంలో పుట్టారు. తండ్రి గోడలకూ బోర్డులకూ రంగులు వేసే పనివాడు, ఇటలీ మూలాలున్న కుటుంబం. ఆవిడ కూడా చదువయ్యాక కుట్టుపనిలో చేరారు. మనసంతా నాటకాల మీద. ఇంట్లోవారికి అది గిట్టదు. మన ఇళ్ళలో మాత్రం గిట్టేదా! ఒకనాడు పేపరులో నాటక విద్యాలయం వారి ప్రకటన కనబడింది. దరఖాస్తు పెట్టారు. 1953లో పారిస్‌కు రైలెక్కేనాటికి వయసు 26. సినిమా నటి కావడానికి అది ఆలస్యమే. మన రోజుల్లో ఎల్.డి.సి. ఉద్యోగానికి ఏజ్ బార్ అయ్యే వయసు.

కొన్నేళ్ళు నాటకాలు వేశారు. అలెన్ రెనే అనే దర్శకుడు ఆవిడ ఫొటోను ఒక నాటకం పోస్టరులో చూసి పిలిపించాడు. ఆ సినిమాయే 'హిరోషిమా మోన్ అమూర్'. 1959లో విడుదలయింది. రచన మార్గరీట్ డ్యూరాస్ అనే రచయిత్రిది. అణుబాంబు పడిన ఊరికి శాంతి సినిమాలో నటించడానికి వచ్చిన ఫ్రెంచి యువతి, ఒక జపాను ఆర్కిటెక్టు, ఇద్దరూ ఒక రోజంతా మాట్లాడుకుంటారు. యుద్ధకాలంలో ఆమె ఒక జర్మను సిపాయిని ప్రేమించింది. వాడు చచ్చిపోయాక ఊరివాళ్ళు ఆమెకు గుండు కొరిగించారు, ఇంట్లోవాళ్ళు నేలమాళిగలో పెట్టారు. ఆ సంగతి పద్నాలుగేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు, ఈ పరాయి దేశస్థుడికి చెబుతుంది. అతని పాత్ర వేసిన ఎయిజి ఒకాదాకు ఫ్రెంచి రాదు. మాటలన్నీ శబ్దాలుగా బట్టీ పట్టి పలికాడు. చూస్తే నమ్మలేము.

1976లో నేను కొత్త గుమాస్తాగా ఉన్నప్పుడు మా జిల్లా కేంద్రంలో ఫిలిం సొసైటీ వారు ఆ సినిమా వేశారు. ప్రొజెక్టరు రెండుసార్లు ఆగింది. నాకు సగం అర్థం కాలేదని ఒప్పుకుంటున్నాను. కాని ఆ మొహం మాత్రం మరచిపోలేదు. ఇంకొక సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. షూటింగు కోసం 1958లో హిరోషిమా వెళ్ళినప్పుడు ఆవిడ ఒక కెమెరా కొనుక్కుని, ఖాళీ దొరికినప్పుడల్లా వీధులూ, పిల్లలూ, దుకాణాలూ ఫొటోలు తీశారట. ఆ ఫొటోలు యాభై ఏళ్ళ తరువాత, 2008లో, పుస్తకంగా వచ్చాయి. వాటికి జపానులో ప్రదర్శన కూడా జరిగింది. బాంబు పడి పదమూడేళ్ళయిన ఊళ్ళో జనం మామూలుగా ఎలా బతుకుతున్నారో అందులో ఉంది.

ఆ ఒక్క సినిమాతో ప్రపంచమంతా పేరు వచ్చింది. 1961లో మెల్విల్ తీసిన 'లియోన్ మొరాన్, ప్రీట్' చిత్రంలో బెల్మోండో పక్కన వేశారు. 1962లో 'తెరేజ్ దెస్కెరూ' చిత్రానికి వెనిస్‌లో ఉత్తమ నటి బహుమతి. అక్కడి నుంచి ఎవరైనా మేడలు కడతారు. ఈవిడ మాత్రం వచ్చిన వేషాలలో చాలావాటిని వద్దన్నారు. నచ్చినవి చేశారు, నాటకాలు వేశారు, కవితలు రాసి పుస్తకాలు వేయించారు. పెళ్ళి చేసుకోలేదు. జనం మరచిపోయారు. ముప్ఫై, నలభై ఏళ్ళు అలా గడిచిపోయాయి. మధ్యలో 1993లో ఒక పోలండు దర్శకుడి సినిమాలో మతిమరుపు తల్లిగా కాసేపు కనిపిస్తారు. కన్నకూతురిని గుర్తుపట్టదు ఆ తల్లి.

ఇక అసలు విషయానికి వస్తాను. 2012లో 'అమూర్' అనే సినిమా వచ్చింది. అంటే ప్రేమ అని. దర్శకుడు మైకేల్ హానెకే. అందులో నటించేటప్పుడు రివా గారికి 84 ఏళ్ళు, భర్తగా వేసిన ట్రాంటిన్యాన్‌కు 80. రిటైరైన సంగీతం టీచర్లు ఇద్దరు. ఒక ఉదయం వంటింట్లో టిఫిను చేస్తుండగా ఆవిడ ఉన్నట్టుండి మాట్లాడడం ఆపేస్తుంది. కళ్ళు తెరిచే ఉంటాయి, మనిషి ఉండదు. కాసేపటికి మామూలవుతుంది. తరువాత ఆపరేషను, అది వికటించడం, కుడిపక్క పడిపోవడం. మళ్ళీ ఆసుపత్రికి పంపనని భర్త దగ్గర మాట తీసుకుంటుంది. అక్కడి నుంచి ఆ ఇల్లు దాటి కథ బయటకు రాదు.

నేను ఈ సినిమా 2022లో చూశాను. రివా గురించి నేను చెప్పే పాత కబుర్లు వినీ వినీ మా మనవడు టీవీలో పెట్టాడు. కథ వాడికీ తెలియదు, నాకూ తెలియదు. అప్పటికి మా ఆవిడ పోయి ఏడాది.

మీలో చాలామందికి తెలుసు. 2016 కార్తీకమాసంలో ఆమెకు పక్షవాతం వచ్చింది. మంచం మీద అయిదేళ్ళు. మాట పోయింది. తెరమీద రివా గారు మంచంలో పక్కకు తిరగలేక గింజుకుంటుంటే, ఒకే మాట పదేపదే అంటుంటే, ఇది నటన అని నాకు తోచలేదు. దగ్గరగా చూసినవాడిని కనుక చెబుతున్నాను, ఒక్క కండరం కూడా తప్పు పోలేదు. మూతి ఏ పక్క వంకర పోవాలో, చేయి ఎంత వరకు లేవాలో, అన్నీ సరిపోయాయి.

ఒక సన్నివేశం ఉంది. ఆయన నీళ్ళు తాగించబోతాడు. ఆమె నోరు బిగిస్తుంది. బలవంతాన పోస్తే ఉమ్మేస్తుంది. ఆయన చెంప మీద కొడతాడు. ఆమె ఏడవదు, చూస్తుందంతే. నేను అక్కడ లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను. ఎందుకంటే 2019లో ఒక పొద్దున్న, రాగిజావ దగ్గర, నేనూ ఆ పని చేశాను. 36 ఏళ్ళ సర్వీసులో అటెండరు మీద కూడా గొంతెత్తని వాడిని. మా ఆవిడ కూడా నన్ను అలాగే చూసింది. ఇది మా పిల్లలకు కూడా ఇవాళే తెలుస్తోంది. వాళ్ళు ఈ హాలులోనే ఉన్నారు.

సినిమా చివర ఆ ముసలాయన ఆమె మొహం మీద దిండు అదుముతాడు. దాన్ని నేను ఒప్పుకోను. చూసినవారిలో కొందరు అది కూడా ప్రేమే అన్నారు. కాదంటాను. ఆయన అంతకు ముందే నర్సును పంపించేశాడు, కూతురు వస్తే గదికి తాళం వేశాడు. నాలుగు గోడల మధ్య ఒక్కడే మిగిలాక మనిషికి ఏం తోస్తుందో నాకు తెలుసు. మొదటి ఏడాది నేనూ ఎవరినీ రానివ్వలేదు. ఆమెను అలా చూస్తే ఆమెకే నామోషీ అనుకున్నాను. నామోషీ నాది. మా సెక్షను మిత్రుడొకరు వద్దన్నా వినకుండా రోజూ పదకొండు గంటలకు పేపరు పట్టుకుని వచ్చి కూర్చునేవాడు. ఆ గంటలో నేను బ్యాంకుకో, మందుల షాపుకో వెళ్ళివచ్చేవాడిని. ఆయన రెండో వరుసలో ఉన్నారు, పేరు చెబితే కోప్పడతారు. మెడికల్ బిల్లు మూడుసార్లు కొర్రీలతో తిరిగి వస్తే, ఆ కొర్రీలు తీర్చిందీ ఆయనే. సర్వీసులో నేను ఎన్ని కొర్రీలు వేశానో అప్పుడు లెక్కకు వచ్చింది.

రివా గారి మిగతా కథ చెప్పేస్తాను. 'అమూర్'కు కేన్స్‌లో పెద్ద బహుమతి వచ్చింది. 2013 ఫిబ్రవరిలో బ్రిటిషు వారి బాఫ్టా, ఫ్రెంచి వారి సీజర్, రెండూ ఉత్తమ నటిగా ఆవిడకే. 'హిరోషిమా'కు బాఫ్టా నామినేషను వచ్చి, బహుమతి చేతికి అందడానికి అర్ధ శతాబ్దం పైన పట్టింది. మన ప్రమోషన్లే నయం. ఆస్కారుకు ఉత్తమ నటి నామినేషను వచ్చేసరికి వయసు 85. ఆ విభాగంలో అప్పటికి అంత పెద్ద వయసువారు లేరు. అదే ఏడు తొమ్మిదేళ్ళ పాప కూడా పోటీలో ఉంది. ఆస్కారు సభ ఫిబ్రవరి 24న, సరిగ్గా ఆవిడ 86వ పుట్టినరోజున. అంత దూరం విమానమెక్కి వెళ్ళారు. ఆ బహుమతి ఇరవై రెండేళ్ళ అమ్మాయికి వెళ్ళింది, 'అమూర్'కు మాత్రం విదేశీ చిత్రం బహుమతి దక్కింది. ఆవిడ తిరిగివచ్చి 2014లో పారిస్‌లో డ్యూరాస్ నాటకం ఆడారు. 2017 జనవరి 27న క్యాన్సరుతో పోయారు. ఇంకో నెల ఉంటే తొంభై నిండేవి. ట్రాంటిన్యాన్ 2022 జూన్‌లో వెళ్ళిపోయారు.

కార్యదర్శి గారి అనుమతితో వచ్చే రెండో శనివారం సాయంత్రం నాలుగు గంటలకు మన సంఘ భవనంలో ఈ సినిమా వేస్తున్నాము. మా మనవడు ల్యాప్‌టాప్ తెస్తానన్నాడు. రెండు గంటల పైన ఉంటుంది, కుర్చీలకు మెత్తలు తెచ్చుకోండి. కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి, చదవలేనివారికి నేను పక్కన కూర్చుని చెబుతాను. చివరి భాగం చూడలేమనుకునేవారు మొహమాటపడనక్కరలేదు. అది వచ్చేముందు నేను లేస్తాను, నాతో పాటు బయటకు రండి. వరండాలో టీ ఏర్పాటు ఉంటుంది.