ఫ్రీ: ఎవరికి ఏ అర్థం?

(నర్సీపట్నంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



బడి మొహం చూడనివాళ్ళు కూడా రోజుకు పదిసార్లు పలికే ఇంగ్లీషు మాట ఒకటుంది. అది ‘ఫ్రీ’. ఈరోజు దాని గురించే మాట్లాడతాను.

పొద్దున అనకాపల్లి నుంచి బస్సులో వస్తుంటే వెనక సీట్లోంచి ఒకాయన, ‘అందరూ ఫ్రీయోళ్ళే, డబ్బులిచ్చినోడికి సీటు లేదు’ అన్నాడు. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం మొదలైనప్పటి నుంచి ఇలాంటివి వింటూనే ఉన్నాం. మన చేతిలోని సున్నా టిక్కెట్టు డబ్బు ప్రభుత్వం ఆర్టీసీకి కట్టాల్సిందే. ఆ ప్రభుత్వానికి సబ్బు మీదా, చీర మీదా పన్ను కడుతున్నవాళ్ళలో మనమూ ఉన్నాం. అయినా ఆయన నోట్లో ‘ఫ్రీ’ అంటే తేరగా తినేవాళ్ళని అర్థం.

తెలుగులో వీటికి వేరువేరు మాటలున్నాయి. ఉచితం, ఖాళీ, తీరిక, చనువు, స్వేచ్ఛ. (‘ఉచితం’ అంటే అసలు తగినది అని. ‘ఉచితానుచితాలు’ అన్నప్పుడు ఆ అర్థం ఇంకా బతికే ఉంది.) ఇంగ్లీషు మాట ఒక్కటే వీటన్నిటినీ మోస్తుంది. మనం ఆ మాటను తెచ్చుకున్నాం గానీ, దాని అర్థాలను ఆడా మగా చూసి పంచాం. ‘మా అబ్బాయి అందరితో ఫ్రీగా ఉంటాడండీ’ అంటే కలుపుగోలువాడని మెచ్చుకోలు. ‘ఆ పిల్ల కొంచెం ఫ్రీ’ అంటే మాత్రం గొంతు తగ్గుతుంది. సంబంధం తప్పిపోవడానికి ఆ ఒక్క మాట చాలు.

ఇంక ‘నాకేటి పనుందమ్మా, ఇంట్లో ఫ్రీగానే ఉన్నాను’ అనే ఆడవాళ్ళను మీరు రోజూ చూస్తారు. 2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన కాల వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఇంటిపనిలో చెయ్యిపెట్టిన మగవాళ్ళకు అది 88 నిమిషాలు. పిల్లల్నీ పెద్దల్నీ చూసుకోవడం ఇందులో కలవలేదు. ఇంత చాకిరీ చేసే మనిషి ఏ అర్థంలో ఫ్రీ? జీతం లేదు కనక ఫ్రీ.

మీలో చాలామంది చింతపల్లి వైపు ఏజెన్సీలో పనిచేస్తున్నారు కనక ఒక పాత సంగతి గుర్తు చేస్తాను. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది ఆడపిల్లలకు హెచ్.పి.వి. టీకాలు ఫ్రీగా వేశారు. పది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలు. చాలామంది గిరిజనులు, ఆశ్రమ పాఠశాలల్లో ఉండేవాళ్ళు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. మహిళా సంఘాలు, ఆరోగ్య సంఘాలు గట్టిగా అడిగిన తర్వాత 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో నివేదిక ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాల మీద ఉన్నవి హాస్టలు వార్డెన్ల సంతకాలు.

ఆ టీకా మంచిదా చెడ్డదా అని నేనడగడం లేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే టీకా పనికొచ్చేదే. కాని వార్డెను తల్లి కాదు. సూది ఫ్రీ, అంగీకారం ఫ్రీ కాదు. డబ్బు అడగలేదు కనక ఆ పిల్లల్నీ, వాళ్ళ అమ్మానాన్నల్నీ ఏమీ అడగనక్కర్లేదని అనుకున్నారు. ఫ్రీ శిబిరం ఏదైనా మన ఊళ్ళకు వచ్చినప్పుడు ‘ఎంత?’ అని అడగడం ఎలాగూ ఉండదు. ‘వద్దంటే ఏమవుతుంది?’ అని మాత్రం అడగండి. దానికి వచ్చే జవాబును బట్టి అది ఏ ఫ్రీయో తెలిసిపోతుంది.

న్యాయ సహాయం సంగతి కూడా ఒక మాట. 1987 నాటి చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ అది ఫ్రీ. ‘ఫ్రీ లాయరు సరిగ్గా వాదిస్తాడా?’ అని వెనకాడేవాళ్ళతో మీరు ఆ మాటే వాడకండి. ‘నీ హక్కు లాయరు’ అనండి. వినడానికి వింతగా ఉంటుంది, అలవాటవుతుంది.

ఈ సమావేశం మధ్యాహ్నం రెండింటికి పెట్టింది ఎందుకని అడిగితే, ‘అప్పటికి ఆడవాళ్ళు ఫ్రీ అవుతారు మేడమ్’ అన్నారు. ఇప్పుడు నాలుగయింది. పిల్లలు బడి నుంచి వచ్చే వేళని ముగ్గురు అప్పుడే లేచారు. వెళ్ళేవాళ్ళు వెళ్ళేలోగా ముందు వాళ్ళ ప్రశ్నలు అడగనివ్వండి.