వరద వేరు, చెమ్మ వేరు

2022 జూలైలో గోదావరి పొంగి మన యానాం వీధుల్లోకి వచ్చింది. వరద తీయగానే అందరిలాగే మేమూ ఇల్లు కడిగేశాం. బురదతోపాటు సాక్ష్యమూ పోయింది!

ఇంటికి బీమా ఉంటే ముందు గోడమీది నీటి గీతను, తడిసిన సామానును ఫోటో తీయండి. కంపెనీకి కబురు చేయండి. సర్వేయరు చూసేదాకా పాడైన పరుపునైనా పారేయకండి.

2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో వరద నష్టం కలిసే ఉంది. పైపు పగిలినా, ట్యాంకు పొర్లినా వర్తిస్తుంది. ఏళ్ల తరబడి గోడకు పట్టిన చెమ్మకు మాత్రం రాదు. ఇంటి విలువంటే స్థలం ధర కాదండీ, తిరిగి కట్టడానికయ్యే ఖర్చు. బ్యాంకు అప్పుతో కట్టుకున్నవారు బీమా ఇంటి మొత్తానికి ఉందో, అప్పు మేరకే ఉందో ఈ సాయంత్రమే కాగితాలు తీసి చూసుకోండి.