బాలక్రీడాకారుల వేగమును కొలుచు విధము

బాలబాలికల పరుగు వడిగా నున్నదని కంటికి తోచుట వేరు, నిరుటికంటె నేడు వారెంత ముందునకు సాగిరో అంకెలతో నిరూపించుట వేరు. స్టాప్‌వాచితో కొలుచునపుడు, తుపాకి మ్రోగిన పిమ్మట కొలుచువాని వ్రేలు కదలుటకు కొంత కాలము పట్టుటచే, వచ్చిన అంకె నిజమునకంటె తక్కువగనే యుండును. అందువలననే 100 మీటర్ల పందెమున చేతికొలతను విద్యుద్యంత్రపు కొలతతో పోల్చవలసి వచ్చినపుడు, దానికి 0.24 సెకండ్లు చేర్చు ఆచారము కలదు. కావున ఒకమారు చేతితోను, మరియొకమారు యంత్రముతోను కొలిచి, పిల్లవాడు వెనుకబడెనని నిందించుట అన్యాయము.

చురుకుదనము తిన్నని బాటలో పరుగెత్తించినంత మాత్రమున తెలియదు. వడితో వచ్చి గీత దాటి, 5 మీటర్లు సాగి, వెనుదిరిగి మరల ఆ గీతను చేరు ‘505’ పరీక్ష, ఆగుట, మరలుట, తిరిగి వేగమందుకొనుట యనువానిని బయలుపరచును. కుడికాలిపై మరలినపుడును, ఎడమకాలిపై మరలినపుడును వేరువేరుగా కొలిచినచో, ఏ వైపున సాధన కొరవడినదో గురువునకు తేటపడును. నేల, పాదరక్షలు, ముందు చేయించు సన్నాహము ప్రతిమారును ఒక్కటిగనే యుండవలెను.

ఎత్తు శీఘ్రముగా పెరుగు కౌమారమున, అవయవముల పొందిక కొంతకాలము సడలి, అభివృద్ధి నిలిచినట్లు కనబడుటయు గలదు. అది సోమరితనము కాదు. వ్యాయామోపాధ్యాయులారా, పరుగుకాలము ప్రక్కనే పిల్లల ఎత్తును గూడ మూడునెలల కొకమారు ఒక పుస్తకమున వ్రాసియుంచుడు, ఆ పుస్తకమును తల్లిదండ్రులకు చూపుడు.