మలిచూలు



చూలాలి కోరిక తీర్చవలెనని మన పెద్దలు విధించిరి. నాలుగవ నెలలో గర్భస్థ శిశువునకు హృదయము వ్యక్తమగుననియు, అందుచేత అప్పుడామె రెండు హృదయములు గలది యగుననియు సుశ్రుత సంహిత చెప్పుచున్నది. ఆమెకు 'దౌహృదిని' యని పేరు. పుల్లమామిడికాయ యడిగినను, పుట్టింటి గారెలడిగినను మనము కాదనము. కాని ఆమె మరల చూలాలగుటకు ముందే "అమ్మా, రెండవ బిడ్డ ఇప్పుడు కావలెనా?" అని అడుగు ఇండ్లెన్ని? నేడు మీకు నేను మనవి చేయునది ఈ యొక్క మాటయే.

మలిచూలు విషయమున తల్లి మనస్సును నడపు కారణములలో మొదటిది ఆమె శరీరము. ప్రసవమైన పిదప మరల గర్భము ధరించుటకు కనీసము 24 నెలల ఎడముండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మనదేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది. ఆ సర్వే ప్రకారమే తెలంగాణమున నూటికి 60కి మించిన కాన్పులు పెద్ద ఆపరేషనుతో జరిగినవి. ఆ కోత నొప్పి యెరిగిన తల్లి రెండవ కాన్పునకు జంకుట పిరికితనము కాదు. "మా కాలమున పదిమందిని కనలేదా?" అందుము. కన్న బిడ్డలను లెక్కింతుము గాని, ఆ కాన్పులలో కన్నుమూసిన తల్లులను లెక్కింపము.

రెండవది చేతిసాయము. పసిబిడ్డను చంక నిడుకొని నీరు మోయుచు, వంట ముగించి నాట్లకు పోవు స్త్రీకి, మరియొక బిడ్డ యనగా ఉన్న కొద్దిపాటి నిద్రయు పోవుటయే. అత్తగారు పెద్దపిల్లకు అన్నము తినిపించి, భర్త ఉయ్యాల యూపు ఇంట ఆమె ధైర్యముగా ఔననును. చట్టము వర్తించు సంస్థలలో ఉద్యోగము చేయు స్త్రీకి మొదటి రెండు కాన్పులకు 26 వారముల జీతపు సెలవు 2017 సవరణతో లభించినది. పొలము పనికి పోవు తల్లికి సెలవిచ్చువారెవరు? ఇంటివారే ఇవ్వవలెను. ఇద్దరు పిల్లల బడి జీతములు ఎట్లు చెల్లునను చింత సైతము పెక్కుసార్లు ఆమెదే.

మూడవది మగబిడ్డపై మక్కువ. తొలిచూలు ఆడపిల్లయైనచో, ఆ పిల్లకు అన్నప్రాశనము కాకమునుపే "ఈసారి మగవాడు కావలె" నను మాట ఇంట మొదలగును. అది కోరిక కాదు, ఆజ్ఞ. బిడ్డ ఆడయో మగయో యగుట తండ్రి బీజమును బట్టియే యని శాస్త్రము తేల్చినను, నింద తల్లికే. గర్భములోని బిడ్డ ఆడయో మగయో చెప్పుట 1994 చట్టము ప్రకారము నేరము. కొడుకులకై తపస్సు చేసిన అశ్వపతికి పుట్టినది సావిత్రి. పుట్టినింటిని, మెట్టినింటిని నిలిపినది ఆ కూతురే కదా!

పాలకుల మాటయు స్థిరము కాదు. ఇద్దరికి మించి సంతానము గలవారు పంచాయతీ ఎన్నికలలో నిలువరాదని 1994లో ఉమ్మడి రాష్ట్రమున చట్టము చేసిరి. ఒక్కొక్క స్త్రీకి కలుగు సంతానము సగటున ఆంధ్రప్రదేశమున 1.7కు, తెలంగాణమున 1.8కి తగ్గినదని అదే సర్వే చెప్పినది. 2024లో ఆంధ్రప్రదేశమున ఆ నిషేధమును తొలగించిరి. నాడు చాలుననిరి, నేడు చాలదనుచున్నారు. రెండుమారులును తల్లిని అడిగినవారు లేరు.

పెద్దలారా! ఇంట మీ మాటకు బరువు కలదు. ఆ బరువును కోడలి తలపై మోపకుడు. తొలిబిడ్డకు రెండేండ్లు నిండువరకు మలిచూలు ప్రస్తావన తేకుడు. పిమ్మట అడుగుడు, ఔనన్నచో పనిలో పాలుపంచుకొనుడు, వలదన్నచో ఆ మాటను కుటుంబ నిర్ణయముగా మీరే నలుగురిలో చెప్పుడు. అప్పుడు ఇరుగుపొరుగువారి ప్రశ్నకు ఆమె ఒంటరిగా బదులు చెప్పుకొనవలసిన పనియుండదు.

సెలవు.