చొక్కా ఒకటే, నీలాలు రెండు

మా కుట్టు కేంద్రం జమాఖర్చులు రిపోర్టులో ఉన్నాయి, మళ్లీ చదవం. పోయిన ఏడాది మేము చేసిన ఒక తప్పు గురించి చెప్తాం.

ఒక ప్రైవేటు స్కూలుకి 180 నీలం చొక్కాలు కుట్టి ఇచ్చాం. 32 వెనక్కి వచ్చాయి. కుట్లు బాగానే ఉన్నాయి, కొలతలూ సరిపోయాయి. ఒంటి ముక్క ఒక నీలం, చేతులు ఇంకో నీలం! మీరు చూసుకోలేదా అన్నారు. చూశాం, రాత్రి ట్యూబులైటు కింద చూశాం. పొద్దున ఎండలోకి తెస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది.

ఆ చేతులు కుట్టిన అక్క మీద అందరం నోరు పారేసుకున్నాం. ఆమె కూలిలో 600 రూపాయలు కోసేశాం కూడా.

తర్వాత బట్టల షాపతన్ని అడిగితే తెలిసింది. మిల్లు ఒకటే అయినా, రంగు పేరు ఒకటే అయినా, ఒక విడత అద్దకానికీ ఇంకో విడతకీ కొంచెం తేడా వస్తుంది. అందుకే తాను చీటీ మీద లాట్ నంబరు వేస్తారు. మేము రెండు లాట్ల తానులు ఒకదాని మీద ఒకటి పరిచి కత్తిరించి, ముక్కలన్నీ ఒకే గంపలో పడేశాం. ఆ అక్క గంపలో చేతికొచ్చింది తీసి కుట్టింది. ఆమె తప్పేముంది?

ఇప్పుడు ప్రతి తాను మొదట్లో, చివర్లో అరచేయంత ముక్క కోస్తాం. దారం ఒకే దిక్కుకి ఉండేట్టు, మంచివైపు పైకి పెట్టి, అంచుకి అంచు ఆనించి తెల్లగుడ్డ మీద చూస్తాం. పొద్దున పదింటప్పుడు వరండా నీడలో చూడాలి, మిట్ట ఎండలో కళ్లు చెదురుతాయి. మళ్లీ ట్యూబులైటు కింద కూడా చూడాలి. వేరు వేరు రంగులు కలిపి అద్దిన బట్టలు ఒక వెలుగులో కలిసిపోయి ఇంకో వెలుగులో విడిపోతాయి. ఎర్ర చీర కట్టుకుని చూడొద్దు, దాని ఛాయ బట్ట మీద పడుతుంది. నవ్వకండి, నిజం!

కత్తిరించాక పొర పొరకీ నంబరు చీటీ పెడతాం. ఒక చొక్కా ముక్కలన్నీ ఒకే నంబరువి ఉండాలి.

పెద్ద మిల్లుల్లో మిషనుతో కొలుస్తారు. తేడాని ఒక అంకెలో చెప్తుంది, డెల్టా ఈ అంటారు. అది 1 లోపు ఉంటే మామూలు కంటికి దాదాపు తెలియదు. అంత మిషను మనం కొనలేం. గ్రే స్కేలు అని ఒక కార్డు ఉంది, అందులో బూడిద రంగు జతలుంటాయి. 5 అంటే తేడా లేదు, 1 అంటే బాగా తేడా. మన రెండు ముక్కల తేడా ఏ జత తేడాలా ఉందో చూసుకోవడమే. 4 కంటే తక్కువొస్తే ఆ రెండు తానులు ఒక ఆర్డరులో కలపం.

దీనికి సగం రోజు పోతోందని కొందరు చెల్లెళ్లు గొణుగుతున్నారు. పోనీయండి. ఆ 32 చొక్కాలు విప్పి కుట్టడానికి మాకు నాలుగు రోజులు పట్టింది.

ఆ 600 మీటింగులో అందరి ముందూ తిరిగిచ్చి, మినిట్స్ పుస్తకంలో రాశాం. ఆమె డబ్బు తీసుకుంది గానీ నెలన్నర కేంద్రం వైపు రాలేదు. ఇద్దరం ముగ్గురం ఇంటికెళ్లి పిలిచాం. ఇప్పుడు తానులు చూసే పని ఆమెదే. ఈ రోజు బయట మా స్టాలు దగ్గర కార్డు, ముక్కలు పెట్టుకుని కూర్చుంది. భోజనాల టైములో వెళ్లి చూపించమనండి, చూపిస్తుంది.