పసిపిల్లల వినికిడి – సంఘంగా మనం చేయాల్సింది



పొదుపులు, రికవరీల గురించి ముందు మాట్లాడినవాళ్ళు అన్నీ చెప్పేశారు. మేం వేరే సంగతి చెబుతాం.

మా సభ్యురాలి మనవరాలికి రెండేళ్ళు దగ్గరపడినా మాటలు రాలేదు. వాళ్ళ నాన్నకీ మూడేళ్ళకే వచ్చాయిలే అన్నారు ఇంట్లో. పళ్ళెం పడితే తిరిగి చూస్తోంది కదా, చెవుడేంటి అన్నారు. ఆశ కార్యకర్త పట్టుబడితే జిల్లా ఆసుపత్రిలో ఉన్న డీఈఐసీకి తల్లికి తోడుగా మేం వెళ్ళాం. పిల్లల్లో లోపాల్ని చిన్నప్పుడే గుర్తించి శిక్షణ ఇచ్చే కేంద్రం అది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు వచ్చే డాక్టర్ల బృందం కూడా పిల్లల్ని అక్కడికే పంపుతుంది. ఫీజు లేదు.

బెరా అనే పరీక్ష చేశారు. పాప నిద్రలో ఉండాలి కాబట్టి ముందు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టమన్నారు. నుదుటికీ చెవుల వెనకా తీగలు అంటించి, శబ్దం మెదడుదాకా చేరుతోందో లేదో చూశారు. నొప్పేమీ లేదు. గట్టి చప్పుళ్ళు వినబడుతున్నాయి, మామూలు మాట వినబడట్లేదు అని తేలింది. పళ్ళెం చప్పుడుకి తిరిగిందంటే మాట వింటున్నట్టు కాదన్నమాట. ఇది మనందరం గుర్తుంచుకోవాలి.

పుట్టిన నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు శిక్షణ మొదలు. ఇదీ డాక్టర్ల లెక్క. మొదటి మూడేళ్ళలో మెదడు భాషని పట్టుకున్నంతగా తర్వాత పట్టుకోలేదు. నెలలు నిండకుండా పుట్టినా, పచ్చకామెర్లు బాగా ఎక్కువైనా, కడుపుతో ఉన్నప్పుడు తల్లికి రుబెల్లా వచ్చినా బిడ్డకి వినికిడి పోవచ్చు. మేనరికాల్లో ఎక్కువ, బయటి సంబంధాల్లోనూ లేకపోలేదు. కోడల్ని ఆడిపోసుకుంటే ఏం ఒరుగుతుంది?

మిషన్ పెట్టిస్తే సరిపోతుందనుకుని వెళ్ళాం. అసలు పని ఆ తర్వాత మొదలైంది. స్పీచ్ థెరపీ చెప్పే మేడం పాపకంటే తల్లికే ఎక్కువ నేర్పారు. పాప కళ్ళకి ఎదురుగా కూర్చోవాలి, వెలుతురు మన మొహం మీద పడాలి, టీవీ కట్టేయాలి. అన్నం కలుపుతుంటే కలుపుతున్నా అని, నీళ్ళు పోస్తుంటే పోస్తున్నా అని చెబుతూ ఉండాలి. పిలిచాక కాసేపు ఆగాలి. డబ్బా మోగినప్పుడల్లా పాప గిన్నెలో చింతపిక్క వేయాలి, అదొక ఆట. మేడం దగ్గర వారానికి గంట, మిగతా రోజులన్నీ ఇంట్లోనే బడి.

చెవిలో పెట్టే అచ్చు పాప పెరిగేకొద్దీ వదులై కీచుమంటుంది, మళ్ళీ తీయించాలి. స్నానానికి ముందు మిషన్ తీసేయాలి. ఆడపిల్ల చెవికి మిషన్ ఏంటని నానమ్మ ముందు ఒప్పుకోలేదు. కళ్ళజోడుకి లేని నామోషీ దీనికెందుకో మరి! సైగలు చేస్తే మాట రాదేమోనని కూడా ఆమె భయం. సైగలు మాటకి అడ్డు కావని, బిడ్డకి ఏదో ఒక భాష వెంటనే అందాలని మేడం చెప్పారు. ఇప్పుడు నానమ్మే అన్నానికి, నీళ్ళకి, పాలకి సైగ చేస్తూ మాట పలుకుతోంది. పాప "అమ్మ" అంటోంది. ఇంకో నాలుగైదు మాటలు ఇంట్లోవాళ్ళకే అర్థమవుతాయి.

మిషన్‌తో లాభం లేని పిల్లలకి కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ప్రభుత్వ పథకాల్లో ఉంది, కానీ దానికి వయసు పరిమితి ఉంది. ఆపరేషన్ అయ్యాక కూడా థెరపీకి తిరగాల్సిందే.

ఆ తిరగడం దగ్గరే తల్లులు ఆగిపోతున్నారు. వారం వారం బస్సు చార్జీలు, ఒకరోజు కూలి పోవడం, ఇంట్లో ఇంకో బిడ్డని చూసేవాళ్ళు లేకపోవడం. రెండు నెలలు మానేస్తే నేర్చుకున్నది వెనక్కి పోతుంది. మా సంఘంలో ముగ్గురం వంతులవారీగా తోడు వెళ్తున్నాం, చార్జీలకి సంఘం నిధి నుంచి వడ్డీ లేకుండా ఇస్తున్నాం. ఒక్క సంఘం నిధితో ఎన్నాళ్ళు?

అందుకని ఈ తీర్మానం పాలకవర్గం ముందు పెడుతున్నాం: ఐదేళ్ళలోపు పిల్లల థెరపీ ప్రయాణానికి సమాఖ్య సామాజిక నిధి నుంచి డబ్బు కేటాయించాలి. పిలిస్తే తిరగని బిడ్డ, ఏడాది దాటినా ఒక్క మాటా రాని బిడ్డ మీ ఊళ్ళో ఉంటే ఈరోజు భోజనాల దగ్గరే మా బుక్ కీపర్‌కి చెప్పండి. వచ్చే గురువారం మేం ఎలాగూ ఆసుపత్రికి వెళ్తున్నాం, ఆటోలో ఇంకో ఇద్దరు తల్లులకి చోటుంది.